అల్లుడి మీద అర్జీ

నాకు కోపం ఎక్కువ. ఎవరైనా వచ్చి "సార్, సిస్టం పనిచేయట్లేదు" అంటే ముందు ఒక అరుపు అరిచి, తర్వాత లేచి వెళ్లి చూస్తాను. మంగళగిరిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూడటం నా ఉద్యోగం. పొద్దున తొమ్మిదింటికి మొదలైన ఫిర్యాదులు సాయంత్రం దాకా ఆగవు. అందుకని ఇన్నేళ్లలో నాకొక సూత్రం ఒంటబట్టింది: ఫిర్యాదు రాలేదంటే అంతా బాగున్నట్టే. ఆ సూత్రాన్ని పర్చూరు దగ్గరున్న మా అత్తగారి ఊరికి మోసుకెళ్లడమే నేను చేసిన తప్పు.

మా మావగారు తెలుగు మాష్టారుగా చేసి రిటైరయ్యారు. నాలుగెకరాల మిర్చి ఉంది గానీ, ఆయన మనసంతా అర్జీల మీదే. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, కాలవ నీళ్లు చివరి పొలాలకు అందకపోయినా, ఎవరి పింఛనైనా ఆగినా జనం ముందు ఆయన వరండాలోకే వస్తారు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఒంటి వేలితో టైపు చేస్తుంటే, కుర్చీ వెనక నలుగురు నిలబడి "ఇంకొంచెం ఘాటుగా తగిలించండి మాష్టారూ" అని ఎగదోస్తుంటారు. "ఆర్యా" దగ్గర మొదలై "తమ విధేయుడు" దాకా వచ్చేసరికి రెండు విడతల కాఫీలు, ఒక తగాదా అయిపోతాయి. ఆ తర్వాత ఆఫీసుకి ఒక ప్రతి, ఆయన ఫైల్లోకి ఒక ప్రతి. ఫైల్లోకి వెళ్లే ప్రతికి నంబరు కూడా వేస్తారు. ఆఫీసుల నుంచి జవాబులు వస్తాయా అని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

ఆ కంప్యూటర్ ముసలిదైపోయింది. ఆన్ చేస్తే తెర వెలిగేలోపు అత్తగారు కూర తరిగేసేవారు. పైగా దాంట్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టంని ఇకమీదట పట్టించుకోబోమని కంపెనీవాళ్లు తెరమీదే నోటీసు పెట్టారు. మావగారు ఆ నోటీసును మూడుసార్లు చదివి, కంపెనీకి ఒక అర్జీ పెడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారని మా ఆవిడ నాతో చెప్పింది.

"అర్జీ ఎందుకు? దాని బదులు నేను లినక్స్ ఎక్కిస్తాను. ఉచితం. వైరస్ రాదు. పాత మిషను గుర్రంలా పరిగెడుతుంది. రెండు గంటల పని. పొద్దున మొదలెడితే సాయంత్రం అందరం వాడరేవు వెళ్లి సముద్రం చూసి రావచ్చు," అన్నాను.

మా ఆవిడ బీచికి వెళ్లడానికని ఒక చీర తీసి సంచిలో పెట్టుకుంది.

వానలు వెనకపట్టాక ఒక శనివారం వెళ్లాం. ఆ ఇంట్లో కంప్యూటరూ మిర్చి బస్తాలూ ఒకే గదిలో ఉంటాయి. బస్తాలు ఎప్పుడో అమ్ముడైపోయాయి గానీ, వాటి తాలూకు దుమ్మంతా కంప్యూటర్ పెట్టెలో భద్రంగా ఉంది. ఆ సంగతి నాకేం తెలుసు? మూత విప్పి, లోపలున్న ఫ్యాను మీద ఉఫ్ అని ఊదాను. తర్వాత పావుగంట సేపు ఏం జరిగిందో నేను చూడలేదు, కళ్లు తెరుచుకుంటే కదా. తుమ్ములు మాత్రం వినిపించాయి. నావి, మావగారివి, వంటింట్లో అత్తగారివి, చివరికి గోడవతల పక్కింటాయనవి కూడా. అత్తగారు చెంబుతో నీళ్లు తెచ్చి, "మా పంట మీకు కొత్త కదండీ అల్లుడుగారూ," అన్నారు. ఊదింది నా బుద్ధి తక్కువ. దాన్ని కాస్తా పంట మీదికి నెట్టేశారావిడ. అదే ఆ ఇంటి మర్యాద. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

పెన్‌డ్రైవులో తెచ్చిన లినక్స్‌ని ఎక్కించడం మొదలుపెట్టాను. గంటన్నర చక్కగా సాగి, ఆఖర్న తెర మొత్తం నల్లగా అయిపోయింది. రెండోసారి ఎక్కించినా అంతే. నాకు అరవాలనిపించింది, కానీ అత్తారింట్లో అల్లుడు ఎవరి మీద అరుస్తాడు? పళ్లు బిగబట్టి చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాను. నేను అలా నవ్వినప్పుడల్లా అత్తగారు నాకు ఆకలేస్తోందనుకుని ఏదో ఒకటి తెచ్చి పెట్టారు. మొదటి నల్ల తెరకి గారెలు, రెండోదానికి పరమాన్నం, మూడోదానికి కోడిగుడ్డు అట్టు. నాలుగోసారికి ఆవిడ తినడానికేమీ తేలేదు. గుప్పెట్లో ఎండుమిరపకాయలూ ఉప్పూ తెచ్చి, కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, తీసుకెళ్లి నిప్పుల్లో పడేశారు.

దిష్టి ఉంటే ఆ మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. ఆ రోజు ఘాటు గుప్పున కొట్టింది. ఇల్లంతా మళ్లీ దగ్గు. అంటే కంప్యూటర్‌కి దిష్టి ఏమీ లేదన్నమాట. మరి లోపం ఎక్కడుంది? మావగారు అత్తగారి వంక చూశారు, అత్తగారు మా ఆవిడ వంక చూశారు, ముగ్గురూ కలిసి నా వంక చూడకుండా జాగ్రత్తపడ్డారు.

ఆదివారం మధ్యాహ్నానికి తెర వెలిగింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. విజయం తలకెక్కింది. పనిచేస్తే చాలదు, చూడగానే నోరెళ్లబెట్టాలి అనుకున్నాను. తెరమీది కిటికీని, అదే విండోని, మౌస్‌తో పట్టుకుని లాగితే అది జెల్లీలా ఊగేటట్టు పెట్టాను. ఒక తెర చాలదని అదే మానిటర్‌లో నాలుగు తెరలు పెట్టి, మౌస్ చక్రం తిప్పితే అవి పెట్టెలా గిరగిరా తిరిగేటట్టు చేశాను. ప్రతి ముఖ్యమైన పనికీ పాస్‌వర్డ్ అడిగేటట్టు, కొడుతుంటే అది తెరమీద కనబడకుండా కట్టుదిట్టం చేశాను. "దీన్ని ఎప్పుడూ ఆపక్కర్లేదండీ, నెలలకొద్దీ నడుస్తుంది, మీకు ఇన్వర్టర్ ఎలాగూ ఉంది," అని చెప్పాను. చివరగా ఇరవై పేజీల నోటుపుస్తకంలో, ఏ ఇబ్బంది వస్తే ఏ ఆజ్ఞ టైపు చేయాలో నా చేత్తో రాసిచ్చాను.

"ఎలా ఉందండీ మావయ్యగారూ?" అన్నాను.

ఆయన ఊగుతున్న కిటికీని కాసేపు చూసి, కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, "దివ్యంగా ఉందండీ," అన్నారు.

వాడరేవు వెళ్లలేదు. చీర సంచిలోనే తిరిగొచ్చింది.

ఆ తర్వాత మూడు నెలలు నేను వారం వారం ఫోన్ చేసి అడిగాను. కంప్యూటర్ ఎలా ఉందండీ అంటే, దానికేమండీ, దివ్యంగా ఉంది అనేవారు. ప్రింటరో అంటే, అదీ దివ్యంగానే ఉందనేవారు. ఆఫీసులో రోజూ నూరు ఫిర్యాదులు వినే నాకు ఆ మాట తేనెలా ఉండేది. మా సెక్షనువాళ్లను పిలిచి, "చూశారా, డెబ్బై ఏళ్లాయన వాడుతున్నాడు, ఒక్క ఫిర్యాదు లేదు, మీకేం రోగం?" అని గర్వంగా తిట్టేవాణ్ణి.

మిర్చి కళ్లాల్లోకొచ్చే వేళకి మళ్లీ వెళ్లాం. ఊరి బయట వాగు మీద కల్వర్టు తర్వాతొచ్చిన తుఫాను వానలకు కూలిపోయిందట, ట్రాక్టర్లన్నీ చుట్టూ తిరిగి వస్తున్నాయి. ఇంటికెళ్లాక మొదట నేను గమనించింది వరండా. జనం లేరు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఓ మూలకు నెట్టి ఉన్నాయి. పనుల రోజులు కదా, అందుకే ఎవరూ రాలేదనుకున్నాను.

"చల్లమిరపకాయలు ఆరబోశాను, కాకులొస్తున్నాయేమో చూడు," అని అత్తగారు మా ఆవిడకి చెబితే, నేనూ మేడెక్కాను. మజ్జిగలో ఊరిన మిరపకాయలు మూడో ఎండకి తెల్లగా వడిలి, వరసగా పరిచిన కాగితాల మీద ఉన్నాయి. కాగితాలు మంచివి, తెల్లవి. ఒక్కోదాని పైభాగాన ఒకే ఒక్క వరస అచ్చయి ఉంది. పర్సెంటు గుర్తు, ఆశ్చర్యార్థకం, బ్రాకెట్లు, అంకెలు. మిరపకాయలు పక్కకి జరిపి ఇంకో కాగితం చూశాను. అదీ అంతే. మేడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అవే.

కంప్యూటర్ వాళ్లకి అది చూడగానే తెలిసిపోతుంది. ప్రింటర్‌కి అప్పజెప్పిన డ్రైవరు, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాము, తప్పుది. అచ్చు వేయాల్సిన ఉత్తరం బదులు, ఎలా అచ్చు వేయాలో చెప్పే లోపలి సూచనలన్నీ వరసకో కాగితం చొప్పున కక్కేస్తోంది. మూడు నెలల నుంచీ కక్కుతోంది.

"ఇదేంటి?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"మీ ప్రింటరు," అంది.

"నీకు తెలుసా?"

"మొదటి వారమే తెలుసు. అమ్మ ఫోన్ చేసింది. ఒక్క కాగితం అడిగితే ఆగకుండా వస్తున్నాయట, నాన్న ప్రింటరు స్విచ్చి పీకేసి, కాగితాలన్నీ దాచేసి, అల్లుడుగారికి తెలిస్తే బాధపడతారు, ఎవరూ నోరెత్తొద్దు అన్నారట."

"మరి నాకు చెప్పొద్దూ?"

"బాగుంది. రెండు రోజులు కష్టపడి చేశాడు, పనిచేయట్లేదని అల్లుడి మొహాన చెప్తారా ఎవరైనా? మీ ఇంట్లో చెప్తారేమో."

మిగతాది కూడా ఆవిడే చెప్పింది. అర్జీ కావాలంటే మావగారు చేత్తో రాసుకుని, బస్సెక్కి పర్చూరు వెళ్లి, అక్కడ షాపులో టైపు చేయించుకొస్తున్నారు. షాపులో కూర్చుని వాక్యం మార్చుకోవడం, వెనక నుంచి నలుగురు ఎగదోయడం కుదరదు కదా. మాష్టారి పెన్ను చల్లబడిందని జనం కూడా రావడం తగ్గించారు. కల్వర్టు మీద అర్జీ ఇంతవరకూ వెళ్లనే లేదు.

నేను కిందికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నేను చెప్పినట్టే ఆయన దాన్ని ఒక్కరోజు కూడా ఆపలేదు. తెర మీద ఒక అర్జీ సగంలో ఉంది. "ఆర్యా, మా గ్రామ శివారున గల వాగుపై కల్వర్టు" అని ఆగిపోయింది. మౌస్ చక్రం తిప్పాను. నా పెట్టె గిర్రున తిరిగి రెండో తెర వచ్చింది. అందులోనూ అదే అర్జీ, "ఆర్యా, మా గ్రామ శివారున" దాకా. దాని వెనక ఇంకోటి. మూడో తెరలో నాలుగు. నాలుగో తెరలో మూడు. తెలుగు అక్షరాలు పాత సిస్టంలో ఉన్న కీల మీద లేవు, వెతుక్కుంటూ ఒక వరస కొట్టేసరికి చెయ్యి చక్రానికి తగిలి తెర తిరిగిపోయేది, అర్జీ మాయమయ్యేది. ఆయన నిట్టూర్చి మళ్లీ "ఆర్యా" అని మొదలుపెట్టేవారు. ఒకదాంట్లో ఆ ఒక్క మాటే ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. జీవితంలో ఎవరి మీద అరిచినా, నా మీద నేను అరుచుకోవాలనిపించింది అదే మొదటిసారి. వెళ్లి మావగారి ముందు నిలబడ్డాను.

"మావయ్యగారూ, నన్ను తిట్టండి."

"అయ్యయ్యో, అదేం మాటండీ. దివ్యంగా ఉంది కదా."

"దివ్యంగా లేదండీ. మేడ మీద చూశాను. ఏమేం పనిచేయట్లేదో మీరు చెబితేనే కదా నేను బాగుచేసేది!"

"అంటే… కొంచెం… కిటికీలు మరీ అంత ఊగక్కర్లేదేమో. అయినా అందంగా ఉందిలెండి. అల్లుడుగారికి మజ్జిగ తీసుకురా!" అని లోపలికి కేకేశారు.

ఎంత అడిగినా అంతే. మజ్జిగ మూడు గ్లాసులు తాగాను గానీ, ఒక్క లోపం బయటికి రాలేదు. అప్పుడు అత్తగారు గుమ్మంలో నిలబడి, నాతో కాకుండా గోడతో చెబుతున్నట్టు, "ఆయనకి నోటితో చెప్పడం ఎప్పుడొచ్చింది గనక. నాతో పోట్లాడినా కాగితం మీదే," అన్నారు.

నాకు దారి దొరికింది. మూలనున్న కుర్చీ ఒకటి లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "సరేనండీ. నాకేం చెప్పొద్దు. నా మీద అర్జీ రాయండి."

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "అర్జీయా?" అన్నారు. వెన్ను నిటారుగా అయింది. "అర్జీ అయితే సరే. కాకపోతే అర్జీలో ఉన్నది ఉన్నట్టు రాయాలండి. అక్కడ మొహమాటం పనికిరాదు."

గంట తర్వాత తెల్ల కాగితం మీద, ముత్యాల్లాంటి దస్తూరీతో, నాలుగు పుటల అర్జీ నా చేతికొచ్చింది.

"గౌరవనీయులైన అల్లుడుగారి సముఖమునకు. విషయం: తమరు అమర్చిన కంప్యూటరు, తద్వారా కలుగుచున్న ఇబ్బందులు, నివారణ కోరుట గురించి. ఆర్యా, తమరికి విన్నవించుకొనునది ఏమనగా, తమరు బాగుచేయుటకు పూర్వము సదరు కంప్యూటరు బాగుగానే యుండెను."

అక్కడికే నా చెవులు వేడెక్కాయి. ఇంకా చదివాను.

"తమరు బాగుచేసిన పిమ్మట అక్షరములు తమ స్థానములు విడిచి వెళ్లినవి. టైపు చేసిన అర్జీలు మాయమగుచున్నవి. కొన్ని దినములకు వాటంతట అవియే ప్రత్యక్షమగుచున్నవి. కిటికీలు ఊగుట వలన నా భార్యకు తల తిరిగి మాత్ర వేసుకొనవలసి వచ్చినది. సొంత ఇంట, సొంత కుర్చీలో కూర్చున్న నన్ను సదరు కంప్యూటరు దినమునకు పలుమార్లు నీవెవరవని ప్రశ్నించుచున్నది. పాస్‌వర్డు కొట్టిన, తెరపై చుక్క కూడా పడుటలేదు. కీబోర్డు చచ్చినదని భావించి కొత్తది కొంటిని. ఒక పుట అడిగిన ప్రింటరు నూరు పుటలు ఇచ్చుచున్నది; అది ఏ భాషయో ఊరిలో ఎవరికిని తెలియదు. తమరు దయతో రాసిచ్చిన నోటుపుస్తకము పలుమార్లు చదివితిని. ముప్పది ఏండ్లు పిల్లలకు పాఠము చెప్పిన అనుభవముతో మనవి చేయుచున్నాను, పాఠము చెప్పుట తమరికి రాదు. మరియు మా అమ్మాయిని వాడరేవు తీసుకొనిపోయెదనని చెప్పి తీసుకొనిపోలేదు. కావున తక్షణమే తగు చర్య గైకొనవలెను. లేనియెడల పై అధికారులను ఆశ్రయించవలసి వచ్చును. ఇట్లు, తమ విధేయుడు. నకలు: తమరి తల్లిదండ్రులకు, సమాచార నిమిత్తము."

మొదట ఒళ్లు మండింది. పాఠం చెప్పడం రాదా? నాకా? తర్వాత నవ్వొచ్చింది. కాసేపటికి అంతకంటే పెద్ద సంతోషం వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నాతో ఒక మనిషి నిజం మాట్లాడటం అదే మొదలు. ఇన్నాళ్లూ నేను వాళ్లింట్లో చుట్టాన్ని. అర్జీ పెట్టుకోదగ్గ మనిషినయ్యానని ఆ రోజు తెలిసింది.

అర్జీని కంప్యూటర్ పక్కన గోడకి అంటించి, వరసగా ఒక్కొక్కటీ చేసుకుంటూ పోయాను. అక్షరాలను ఆయన వేలికి అలవాటైన పాత చోట్లకి తెచ్చాను. మూడు తెరలు తీసేసి ఒక్కటే ఉంచాను. ఊగే కిటికీలను ఆపాను. ఆన్ చేయగానే ఎవరని అడక్కుండా తెరుచుకునేలా పెట్టాను. ప్రింటర్‌కి దాని సొంత డ్రైవరు వెతికి పెట్టాను. తెర మధ్యలో ఒకే ఒక్క బొమ్మ ఉంచి, దాని కింద "అర్జీ" అని రాశాను. నోటుపుస్తకాన్ని అత్తగారికి ఇచ్చేశాను, మిగిలిన మిరపకాయలకు పనికొస్తుందని. ఒకటిన్నర రోజు పట్టింది. రెండో రోజు సాయంత్రం అందరం వాడరేవు వెళ్లి ఎండుచేపల వాసన పీల్చి, కాళ్లు తడుపుకుని వచ్చాం.

మర్నాడు పొద్దున నలుగురు రైతులు వచ్చారు. కుర్చీలు దిగాయి. మావగారు ఒంటి వేలితో "ఆర్యా" అని కొట్టారు, వెనక నుంచి "కల్వర్టు కూలి ఎన్నాళ్లయిందో గట్టిగా అడగండి మాష్టారూ," అని ఎవరో ఎగదోశారు. ప్రింటర్ గరగరమని ఒక్క కాగితం ఇచ్చి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూసి అత్తగారు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయన ఇంకో పని చేశారు. నా మీద రాసిన అర్జీని మొత్తం మళ్లీ టైపు చేసి, అచ్చు వేసి, నంబరు వేసి, ఫైల్లో పెట్టారు. దాని కింద ఎర్ర సిరాతో "పరిష్కరించబడినది" అని రాశారు. ఆ ఫైల్లో ఆ మాట రాయడం అదే మొదటిసారని అత్తగారు చెప్పారు.

ఇంకో నెల పోయాక వెళ్తే, ఆ అర్జీ ఫైల్లో లేదు. పర్చూరులో లామినేషన్ చేయించి వరండా గోడకి తగిలించారు. అర్జీకి ఎంత బలముంటుందో జనానికి చూపించడానికట. వచ్చినవాళ్లందరూ తమ వంతు వచ్చేదాకా నా బుద్ధిహీనత గురించి నాలుగు పుటలూ చదువుతూ కూర్చుంటున్నారు. నేను చెప్పులు విప్పుతుంటే, తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన చివరి పుట ముగించి, నా వైపు తిరిగాడు.

"ఈ అల్లుడుగారు తమరేనాండీ?"

"నేనేనండీ," అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, ఎంతో గౌరవంగా, "ఆ కల్వర్టు కూడా తమరే కూల్చుంటే బాగుండేదండీ, ఈపాటికి బాగైపోయేది," అన్నాడు.